ఆఖరి కోసుకు జీతం ఎవరిచ్చారు?

హైదరాబాద్ సంస్థానం తన మొదటి తపాలా బిళ్ళను 1869లో తెచ్చింది. ధర ఒక అణా. స్టాంపులు సేకరించేవాళ్ళకు ఆ బిళ్ళ రంగు, అంచుల పళ్ళు, అచ్చులో దొర్లిన తేడాలు ముఖ్యం. వాటి మీద పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. నేను ఇవాళ ఆ అణా వెంటబడి పోతాను. ఉత్తరం రాసినవాడి చేతిలోంచి పోయిన ఆ డబ్బు ఎవరెవరి దగ్గర ఆగింది, ఎవరి దాకా రానేలేదు, అదీ నాకు కావలసిన సంగతి.

మన నిజామాబాద్ జిల్లాలోని ముప్కాల్ నుంచే మొదలుపెడదాం. 2016లో మండల కేంద్రమైంది కాని, అంతకుముందు బాల్కొండ పక్క ఊరు అంటేనే బయటివాళ్ళకు తెలిసేది. ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్ళు లారీలు దాన్ని దాటిపోతుంటాయి. పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ నాగపూర్ సడకే. హైదరాబాదు నుంచి ఆర్మూరు, బాల్కొండ, ముప్కాల్ మీదుగా పోయి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ అడవిలో పడి ఉత్తరానికి సాగే దారి. రైలు రాకముందు దక్కనుకూ ఉత్తరాదికీ మధ్య మనుషులు, ఎడ్లబండ్లు, సిపాయిలు, వార్తలు కదిలిన పెద్ద బాటల్లో ఇదొకటి. సోన్ దగ్గర వంతెన లేని రోజుల్లో వానాకాలం గోదావరి పొంగితే తపాలు సంచి ఒడ్డుననే పడి ఉండేది. పుట్టి నడిపేవాడు సరేనన్నప్పుడే ఉత్తరం అవతలికి పోయేది.

ఆ సంచి మోసిన రన్నరు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. భుజాన సంచి, చేతిలో చిన్న ఈటె, ఈటెకు గజ్జెలు, చీకటైతే తోడుగా దివిటీ. అయిదారు మైళ్ళు పరుగూ నడకా కలిపి పోవాలి. ఎదురొచ్చిన రెండో రన్నరుకు సంచి అప్పగించి, అతను తెచ్చిన సంచి తీసుకుని వెనక్కి రావాలి. ఎండ, వాన, పులి, దొంగ, ఏదున్నా వేళ తప్పగూడదు. గంటకు నాలుగున్నర మైళ్ళు పోతే మంచి నడకే.

ఇప్పుడొక లెక్క వేద్దాం. హైదరాబాదు నుంచి ముప్కాల్ దాకా 120 మైళ్ళు అనుకుంటే, ఆరు మైళ్ళకొకడు చొప్పున 20 మంది రన్నర్లు కావాలి. ఒక్కొక్కరికి నెలకు 5 రూపాయలు ఇస్తారనుకుందాం. మొత్తం 100 రూపాయలు, అంటే 1600 అణాలు. అణా ఉత్తరాలు నెలకు 1600 పడితే, అంటే రోజుకు 50కి పైగా పడితే, ఆ దారి మీది రన్నర్ల జీతాలు మాత్రం వెళ్తాయి. పోస్టుమాస్టరు జీతం, గుమాస్తా జీతం, లక్క, సుతిలి, సంచులు, దీపానికి నూనె, మీద తిరిగి చూసే ఓవర్సీరు, ఇవేవీ ఇందులో లేవు. రోజుకు 50 ఉత్తరాలు మనకిప్పుడు లెక్కలోకి రావు. కాని 1901 జనాభా లెక్కల్లో సంస్థానం మొత్తం మీద చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు. ఆ ముగ్గురిలో ఉత్తరం రాయవలసిన పని ఎందరికి ఉంటుంది? సాహుకారుకు ఉంటుంది, హుండీ పంపాలి, ధరలు తెలుసుకోవాలి. జాగీర్దారు మున్షీకి ఉంటుంది. అందరికన్నా ఎక్కువ సర్కారుకుంటుంది.

సర్కారుకు అంత అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే, మొదటి సాలార్‌జంగ్ దగ్గరికి పోవాలి. 1853లో ఆయన దివాన్ అయ్యేనాటికి ఖజానా ఖాళీ, పైన అప్పులు. ఆ ఏడే బేరారు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. పన్నుల వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. 1865లో ఆయన జిలాబందీ చేసి, రాజ్యాన్ని జిల్లాలు, తాలూకాలుగా విడదీసి, జీతగాళ్ళయిన తాలూక్‌దార్లను, తహసీల్దార్లను పెట్టాడు. జీతగాడికి హుకుం పంపాలి, అతని దగ్గర్నుంచి లెక్క తెప్పించాలి. కాగితం కదలకపోతే కొత్త పరిపాలన ఒక్కరోజు కూడా నడవదు. అందుకే జిలాబందీ అయిన నాలుగేళ్ళకే స్టాంపు రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ శాఖను సర్కారు భాషలో సర్రిష్తా-ఎ-టప్పా అనేవాళ్ళు. అది పుట్టింది పాలన కోసం. జనం ఉత్తరాలు ఆ సంచిలో మిగిలిన చోటులో ప్రయాణం చేశాయి.

అవతల బ్రిటిష్ ఇండియాలో కథ ఇంకో రకంగా నడిచింది. 1837 చట్టంతో కంపెనీ తపాలా మీద గుత్తహక్కు తీసుకుంది. అప్పటి రేట్లు దూరాన్ని బట్టి. కలకత్తా నుంచి బొంబాయికి తులం ఉత్తరానికి రూపాయి, ఆగ్రాకు 12 అణాలు. రూపాయంటే కూలివాడికి కొన్ని రోజుల రెక్కల కష్టం. 1854లో డల్హౌసీ కాలంలో ఈ పద్ధతి తీసేసి, దూరంతో పని లేకుండా పావు తులానికి అర అణా అన్నారు. రాబడి పడిపోతుందని ముందే తెలుసు. అయినా తపాలాను పన్నుల వనరుగా చూడొద్దు, తన ఖర్చు తాను సంపాదించుకుంటే చాలు అని నిర్ణయించారు. 1879లో పావు అణా కార్డు వచ్చాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. మనిఆర్డరు, పొదుపు ఖాతా, వి.పి. పార్సెలు, చివరికి క్వినైన్ పొట్లాలు కూడా అమ్మి ఆ శాఖ తన కాళ్ళ మీద నిలబడింది. ఉత్తరం ఒక్కటే మోసి ఏ తపాలా శాఖా ఎక్కడా బతకలేదు, ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

నిజాం తపాలాకు ఆ అవకాశం సగమే. ఆ స్టాంపు సంస్థానం ఎల్లల లోపలే చెల్లుతుంది. హద్దు దాటాలంటే బ్రిటిష్ స్టాంపు కావాలి. సికింద్రాబాదులో, రెసిడెన్సీలో, ఇంకా సంస్థానంలోని ముఖ్యమైన పట్నాల్లో బ్రిటిష్ వాళ్ళ తపాలా ఆఫీసులు వేరుగా నడిచాయి. దూరం పోయే ఉత్తరం, అంటే రాబడి తెచ్చే ఉత్తరం వాళ్ళకు. పల్లె నుంచి పల్లెకు పోయే ఉత్తరం, అంటే ఖర్చు పెట్టించే ఉత్తరం నిజాంకు. గ్వాలియరు, పటియాలా లాంటి సంస్థానాలు బ్రిటిష్ శాఖతో ఒడంబడిక చేసుకుని వాళ్ళ స్టాంపుల మీదే తమ పేరు అచ్చువేయించుకున్నాయి. హైదరాబాదు అందుకు ఒప్పుకోలేదు. తన స్టాంపు, తన నాణెం, తర్వాత తన రైలు. మర్యాద నిలిచింది. మర్యాదకైన ఖర్చు మాత్రం పద్దుల్లోకి ఎక్కింది.

మన జిల్లాలోనే ఈ ఇబ్బంది బాగా కనబడిన చోటు బోధన్ ప్రాంతం. 1931 నాటికి నిజాంసాగర్ కట్ట పూర్తయింది. కాలువ నీళ్ళు పారేసరికి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, బోధన్, బాన్సువాడ వైపు భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. శక్కర్‌నగర్ వెలిసింది. చెరకు సాగుచేసే రైతు తెనాలిలోని అన్నకు ఉత్తరం రాయాలనుకుంటే అది వేరే దేశానికి రాసినట్టే. ఇద్దరూ తెలుగువాళ్ళే, మధ్యన మాత్రం రెండు స్టాంపులు, రెండు నాణేలు. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. 100 కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఈ మారకం లెక్క నోటికి రానివాడు ఆ రోజుల్లో కిరాణా కొట్టు కూడా నడపలేడు. ఇక తపాలా ఆఫీసులో కూర్చున్నవాడి సంగతి చెప్పాలా!

రాబడి వైపు ఇంకో చిత్రం ఉంది. 1873 నుంచి నిజాం స్టాంపుల మీద ‘సర్కారీ’ అని ఉర్దూలో అచ్చువేసిన బిళ్ళలు వచ్చాయి. ఆఫీసు కాగితాలకు వాటినే వాడాలి. అంటే రెవెన్యూ శాఖ, పోలీసు శాఖ, న్యాయశాఖ తమ ఉత్తరాలకు స్టాంపు డబ్బు లెక్క రాసుకోవాలి. అది తపాలా రాబడిలో చేరుతుంది. సర్కారు కుడిజేబులోంచి ఎడమజేబులోకి పడిన డబ్బు అది. ఖజానాకు కొత్తగా ఒక్క దమ్మిడీ రాలేదు. కాని ఈ పద్ధతిని తీసిపారెయ్యను నేను. ఉచితంగా పంపుకునే హక్కు ఉన్నచోట ఏ శాఖ ఎంత మోత మోయిస్తోందో ఎవరికీ తెలియదు. దొరగారి ఊరగాయ జాడీ కూడా సర్కారీ సంచిలోనే పోతుంది. బ్రిటిష్ వాళ్ళు 1854కు ముందు పడిన పెద్ద బాధ అదే, పెద్ద ఉద్యోగుల ఉచిత హక్కు. కాగితం మీద ధర రాస్తే కనీసం మోత ఎవరిదో తెలుస్తుంది.

ఇక మనుషుల సంగతి. పై ఉద్యోగాల్లో సాలార్‌జంగ్ కాలం నుంచీ ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. 1884 ప్రాంతంలో ఫార్సీ పోయి ఉర్దూ కచేరీ భాష అయ్యింది. ముల్కీ (స్థానికుడు), గైర్‌ముల్కీ (బయటివాడు) గొడవ ముదిరి, 1888లో ఒకసారి, 1919లో గట్టిగా ఇంకోసారి, స్థానికులకే కొలువులని నిబంధనలు వచ్చాయి. స్థానికుడంటే ఎవరు? పదిహేనేళ్ళు సంస్థానంలో ఉన్నవాడైనా చాలు. ఆర్మూరు తాలూకాలో పుట్టిన తెలుగు పిల్లవాడికి ఈ నిబంధన ఒక తలుపు తీసింది. లోపల ఇంకో తలుపు ఉండేది. దాని మీద ఉర్దూ రాసి ఉండేది.

శిక్షణ అనే మాట చెప్పుకోవడానికి పెద్ద మాటే. తపాలా పని నేర్పే బడి లేదు. ఉన్నదల్లా ఉమేద్వారీ. తెలిసినవారి సిఫారసుతో కుర్రవాడు ఆఫీసులో ఒక మూల చేరతాడు. జీతం లేదు. సంచి విప్పుతాడు, ముద్రలు కొడతాడు, గుమాస్తాకు హుక్కా నింపుతాడు, నకళ్ళు రాస్తాడు. ఏళ్ళు గడుస్తాయి. ఎవరైనా చస్తేనో, బదిలీ అయితేనో ఒక చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటు తనకే వస్తుందన్న ఉమీదు మీద అతని బతుకు. కచేరీలన్నిటిలో ఇదే పద్ధతి. బ్రిటిష్ ఇలాకాలోనూ ఉండేది. సర్కారు దృష్టిలో ఇది చాలా చౌక. పని నేర్పడానికి పైసా ఖర్చు లేదు, నేర్చుకునే రోజుల్లో పని ఊరికే జరిగిపోతుంది. కుర్రవాడి దృష్టిలో ఎంత ఖరీదో లెక్క వేసినవాళ్ళు లేరు. జీతం లేకుండా మూడు నాలుగేళ్ళు తిండి పెట్టగల ఇల్లు ఎవరికుంటుంది? పట్వారీ కొడుక్కు ఉంటుంది, షరాబు కొడుక్కు ఉంటుంది. మంగలి కొడుక్కు, మాలవాడలోని పిల్లవాడికి ఉండదు. ఏ నిబంధనా వాళ్ళను రావద్దని చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే పడలేదు.

అట్లా నేర్చుకున్న పని చిన్నదేమీ కాదు. ఫస్లీ సంవత్సరంలో తేదీ వెయ్యాలి. 1340 ఫస్లీ అంటే క్రీస్తు శకంలో 1930, 31. నెలల పేర్లు ఆజర్, దై, బహ్మన్. బ్రిటిష్ ఆఫీసు నుంచి వచ్చిన సంచి మీదనేమో జనవరి, ఫిబ్రవరి. చిరునామా ఉర్దూలో ఉండవచ్చు, తెలుగులో ఉండవచ్చు, బోధన్ అవతల దెగ్లూరు నుంచి వస్తే మరాఠీ మోడి లిపిలో ఉండవచ్చు. చాలా ఉత్తరాల మీద చిరునామా అంటూ ఉండదు. ‘బాల్కొండ తర్ఫున ముప్కాల్‌లో వేపచెట్టు దగ్గరి ఫలానావారి రెండో అల్లుడికి’, అంతే. పోస్టుమాన్ ఆ వేపచెట్టును ఎరిగి ఉండాలి. అది ఏ పరీక్షలోనూ అడగరు.

నిజాం స్టాంపుల మీద విలువ ఉర్దూలో, ఇంగ్లీషులో మాత్రమే కాదు, తెలుగులో, మరాఠీలో కూడా ఉండేది. 1931లో వచ్చిన బొమ్మల స్టాంపులు చూడండి. అణా బిళ్ళ మీద చార్‌మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా, రూపాయి మీద దౌలతాబాద్ విజయద్వారం. కచేరీలో అడుగుపెట్టనివ్వని తెలుగు అక్షరం తపాలా బిళ్ళ మూలన మాత్రం కుదురుగా కూర్చుంది. బిళ్ళ కొనేవాడు తెలుగువాడు గనక. డబ్బు వసూలు చేసే దగ్గర సర్కారుకు జనం భాష బాగానే వచ్చేది.

1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి లోయ రైలు మన మీదుగా మన్మాడుకు పోయింది. అప్పటిదాకా ఇందూరుగా ఉన్న పట్నానికి స్టేషను పేరే ఊరి పేరై నిజామాబాద్ అయ్యింది. పెద్దదారి రన్నర్ల బరువు రైలు తీసుకుంది. ఆర్మూరు, బాల్కొండ, ముప్కాల్ వైపు సంచి నిజామాబాద్‌లో దిగి మళ్ళీ మనిషి భుజమెక్కేది. ఖర్చు లెక్క ఒక్కసారిగా తేలికైంది. 20 మంది రన్నర్ల చోట అయిదారుగురు చాలు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు తిరిగిన దారిలో రన్నరు గజ్జె మోగడం తగ్గుతూ వచ్చింది.

ఇంతవరకు చెప్పింది తాలూకా దాకా వచ్చే తపాలు. అక్కడి నుంచి పల్లెకు ఎట్లా?

జనం ఉత్తరాల సంగతి సులువు, అవి ఆగినా అడిగే దిక్కు లేదు. పోస్టుమాన్ వారానికొకసారి ఆ తట్టు పోయినప్పుడు ఇచ్చేవాడు. లేదా అంగడినాడు ఊరి మనిషి కనబడితే చేతిలో పెట్టేవాడు. సర్కారు కాగితం ఆగకూడదు. తహసీల్దారు హుకుం మాలీ పటేలుకు చేరాలి. పట్వారీ జమాబందీ లెక్క తాలూకాకు చేరాలి. పోలీసు పటేలు రాసిన కబురు ఠాణాకు ఆ రాత్రికే పోవాలి. ప్రతి ఊరికీ రన్నరును పెట్టే స్తోమతు ఏ శాఖకూ లేదు. సర్కారుకు పెట్టవలసిన అగత్యమూ లేకపోయింది. ఎందుకంటే వెట్టి ఉంది.

వెట్టిచాకిరి అనగానే మనకు దొర గడీ, కట్టెలు కొట్టడం, పొలం దున్నడం కళ్ళముందు మెదులుతాయి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి పనుల వరసలో ఇంకొకటి కనబడుతుంది. మాల మాదిగ కుటుంబాలు వంతులవారీగా మనిషిని పంపాలి. ఆ మనిషి ఊరి అధికారుల ఇంటి చాకిరీతో పాటు తాలూకా కచేరీకి, ఠాణాకు కాగితాలు మోయాలి. పది మైళ్ళు పొమ్మంటే పోవాలి. అక్కడ అయ్యగారు తీరిక చేసుకుని రసీదు ఇచ్చేదాకా చెట్టు కింద కూర్చోవాలి. తిరిగొచ్చేసరికి ఆ రోజు కూలి పోయింది, మరునాటి కూలి కూడా పోవచ్చు. తిండి తన మూటలోదే. తన చేతిలో ఉన్న కాగితంలో ఏముందో తనకు తెలియదు. ఒక్కోసారి ఆ కాగితం అతని మీదనే ఫిర్యాదు కావచ్చు.

నా వాదం ఇక్కడుంది. నిజాం తపాలా తక్కువ ఖర్చుతో నడిచిందంటే, ఆ తక్కువకు ఒక కారణం ఆ శాఖ పద్దుల్లో లేదు. ఊరి చావడి దగ్గర కూర్చున్న ఈ మనిషిలో ఉంది. పరిపాలనకు కావలసిన మోతలో అత్యంత కష్టమైన వంతు, దారి లేని ఊళ్ళకు పోయే వంతు, అతని నెత్తిన పెట్టాక శాఖకు మిగిలింది రైలు దారి, సడకు దారి. సర్కారీ స్టాంపుతో ప్రతి శాఖ తన మోతకు లెక్క రాసుకుంది కదా, అని నేనే ఇందాక మెచ్చుకున్నాను. ఆ లెక్క తాలూకా గడప దగ్గర ఆగిపోయింది. ఆ గడప దాటితే స్టాంపూ లేదు, కూలీ లేదు.

ఇది అప్పటివాళ్ళకు తెలియని అన్యాయమేమీ కాదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం మొదట పట్టుకున్న పనుల్లో వెట్టి ఒకటి. మాడపాటి హనుమంతరావు పూనికతో వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకాలు అచ్చయి ఊళ్ళకు వెళ్ళాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ఆ మాటను వదలలేదు. 1937లో ఆరో మహాసభ మన నిజామాబాద్‌లోనే మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి పెట్టిన గోలకొండ పత్రిక ఊరూరికీ టప్పాలోనే పోయేది. వెట్టిని తిట్టే పత్రికను సర్కారు సంచి మోసుకుపోయింది. ఆ సంచి ఆగిన చోట దాన్ని పల్లెకు అందించింది బహుశా ఏ వెట్టి మనిషో.

బ్రిటిష్ ఇలాకాను పొగడడానికి ఇది చెప్పడం లేదు. అక్కడా పల్లె తపాలు మొదట జమీందార్ల మీద మోపిన బాధ్యతే. పోలీసు, రెవెన్యూ కాగితాలు మోయించే పని వాళ్ళది. వాళ్ళు ఎవరితో మోయించారో చెప్పనక్కర్లేదు. తర్వాత దాన్ని డబ్బు రూపంలోకి మార్చి జిల్లా తపాలా పన్ను వేశారు. 1906 నాటికి ఆ ఏర్పాటు ఎత్తేసి, ఇంపీరియల్ శాఖే ఆ భారం తలకెత్తుకుంది. తేడా అల్లా ఇంతే: వాళ్ళు పల్లెకు పోయే ఆఖరి కోసును పద్దులోకి తెచ్చారు. తెచ్చాక అది ఎంత ఖరీదో తెలిసింది. తెలిశాక దాన్ని తగ్గించే ఉపాయం వెతికారు. ఆ ఉపాయం పేరు బడిపంతులు.

ఊళ్ళో ఎలాగూ ఒక పంతులు ఉంటాడు, చదువు వచ్చు, నలుగురూ నమ్ముతారు, వేరే జీతం ఉంది. అతనికి నెలకు ఏవో కొన్ని రూపాయలిచ్చి స్టాంపులు, ముద్ర, ఒక పెట్టె అప్పజెబితే బ్రాంచి ఆఫీసు తయారు. పంతులు లేకపోతే కోమటి కొట్టు. ఉద్యోగం పేరు శాఖకు బయటి ఏజెంటు. బయటివాడు గనక పెన్షను లేదు, పే కమిషను లేదు. మిగతా దినమంతా అతను వేరే పని చేసుకుంటాడని లెక్క. చౌకలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు దొరకదు, నిజమే. పల్లెలకు తపాలు పోయింది దీని పుణ్యానే, అదీ నిజమే.

1948లో పోలీస్ యాక్షన్ అయ్యింది. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా భారత తపాలాలో కలిసింది. హాలీ సిక్కా ఇంకొన్నేళ్ళు చేతులు మారింది కాని చార్‌మినార్ అణా బిళ్ళ ఆ రోజుతో పోయింది. నిన్నటిదాకా ఫస్లీ తేదీలు వేసిన గుమాస్తాలు ఏప్రిల్, మే రాయడం మొదలుపెట్టారు. ఉర్దూలో పద్దులు రాసినవాళ్ళు ఇంగ్లీషు ఫారాలు నింపారు. తపాలా ఉద్యోగులకు పద్ధతిగా పని నేర్పే బడులు కూడా ఆ తర్వాతివే, సహారన్‌పూర్‌తో మొదలై మైసూరు దాకా వచ్చాయి. స్వాతంత్ర్యం నాటికి దేశంలో 23,344 తపాలా ఆఫీసులుండేవి. ఇప్పుడు లక్షన్నర పైనే, పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఇంత పెరుగుదల పక్కా ఉద్యోగులతో జరగలేదు. బయటి ఏజెంట్లతోనే జరిగింది.

1964లో వాళ్ళకు వేరే నిబంధనలు రాశారు. 1977లో సుప్రీంకోర్టు, వీళ్ళవి సివిల్ పోస్టులే, విచారణ లేకుండా తీసెయ్యడానికి వీల్లేదు అని చెప్పింది. పేరు మారి గ్రామీణ డాక్ సేవకులయ్యారు. పదో తరగతి మార్కులతో ఎంపిక. బ్రాంచి పోస్టుమాస్టరుకు వేరే బతుకుతెరువు ఉండాలన్న షరతు చాలాకాలం నడిచింది. ఆఫీసుకు గది కూడా అతనే చూసుకోవాలి. అంటే ఇల్లు లేనివాడు, పొలం లేనివాడు, కొట్టు లేనివాడు ఆ దరఖాస్తు ముందు తడబడాల్సిందే. ఉమేద్వారీ రోజుల వడపోత కొత్త రూపంలో బతికే ఉంది.

ముప్కాల్ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఈ మనుషులు చేసే పని మీకు నాకన్నా బాగా తెలుసు. నెల నెలా అవ్వలకు, తాతలకు పింఛను ఇచ్చేది వీళ్ళే. గల్ఫు నుంచి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిన రోజుల్లో, దుబాయి ఉత్తరం అని గల్లీలోంచే కేకేసి, చదవడం రాని ఆమెకు చదివి వినిపించిందీ వీళ్ళే. ఇప్పుడు ఆధారు, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ ఆ చిన్న గదిలోకే వచ్చాయి. కాగితం మీద రోజుకు నాలుగు గంటలో అయిదు గంటలో పని. అర్ధరూపాయి కార్డు అమ్మి ఆ జీతాలు వెళ్ళవు, దాని మోత ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. పల్లె తపాలు నష్టంలో ఉందని తరచూ రాస్తుంటారు. నష్టమే. 120 మైళ్ళకు 20 మంది రన్నర్లను పెట్టిననాడూ నష్టమే. అప్పుడు ఆ నష్టాన్ని పూడ్చింది ఉమేద్వారు ఏళ్ళు, వెట్టి మనిషి దినాలు. ఇప్పుడు పూడుస్తున్నది సేవకుడికి, పక్కా ఉద్యోగికి మధ్య ఉన్న జీతం తేడా.

2018 మే 22న దేశమంతా గ్రామీణ డాక్ సేవకులు సమ్మెకు దిగారు. కమలేష్ చంద్ర కమిటీ 2016లో ఇచ్చిన సిఫారసులు అమలు చెయ్యాలన్నది కోరిక. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటలకు నెలకు 12,000 రూపాయలు, అయిదు గంటలకు 14,500. సంచి మోసే, ఉత్తరాలు పంచే సేవకుడికి 10,000, 12,000. కరువు భత్యం పైన. దాన్ని ఇప్పటికీ జీతం అనరు, కాలానుబంధ భత్యం అంటారు. పక్కా ఉద్యోగుల పెన్షను వాళ్ళకు వర్తించదు. ముప్పయ్యేళ్ళు ఊరికి పింఛను పంచిన మనిషి 65 ఏళ్ళకు ఆ గది తాళం అప్పగించాక, తన పెన్షను కోసం కోర్టు మెట్లెక్కిన కేసులు దేశంలో చాలానే ఉన్నాయి.